బెంగళూరులో ఉద్యోగానికి వచ్చే తెలుగువాళ్లకు: 'పర్సనాలిటీ' గొడవను దాటడం ఎలా

మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల (పేయింగ్ గెస్ట్ హాస్టళ్ల) వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే వాకిన్ ప్రకటనల్లో "ప్రెజెంటబుల్‌గా ఉండాలి" అనే ముక్క తరచుగా కనిపిస్తుంది. మనవాళ్లు దాన్ని "పర్సనాలిటీ ఉండాలంట్రా" అని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఇంగ్లీషులో ఆ మాటకు ఏ అర్థమున్నా, తెలుగులో పర్సనాలిటీ అంటే ఒడ్డూ పొడుగే. పొట్టిగా ఉన్నాననో, నల్లగా ఉన్నాననో, లావుగా ఉన్నాననో కొందరు అసలు అప్లై చెయ్యడమే మానేస్తారు. ఇంకొందరు తెల్లబడే క్రీమూ, అప్పుచేసి సూటూ కొంటారు. ఈ రెండింటికీ మధ్య చెయ్యాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. వాటి గురించే ఇది.

రూపం ఉద్యోగం మీద ప్రభావం చూపదని బుకాయించడం అనవసరం. అమెరికా, కెనడా సర్వేల ఆధారంగా డేనియల్ హామర్‌మెష్, జెఫ్ బిడిల్ అనే ఆర్థికవేత్తలు 1994లో లెక్క కట్టారు: చూడ్డానికి అంత బాగుండరని మార్కులు పడినవాళ్లకు, మామూలుగా ఉన్నవాళ్లకంటే జీతం 5 నుంచి 10 శాతం తక్కువ. ఈ కోత ఆడవాళ్లకే అనుకుంటాం గానీ, మగవాళ్లకూ అంతకు తక్కువేం లేదు. 2006లో మార్కస్ మోబియస్, తాన్యా రోజెన్‌బ్లాట్ ఇంకో ప్రయోగం చేశారు. చిక్కుదారుల పజిల్స్ విప్పడమే అందులో పని. అందంగా ఉన్నవాళ్లు ఆ పనిలో మిగతావాళ్లకంటే మెరుగ్గా ఏమీ లేరు. అయినా యజమానుల స్థానంలో కూర్చోబెట్టినవాళ్లు అందగాళ్లే ఎక్కువ పజిల్స్ విప్పుతారని అంచనా వేశారు. ముఖం చూడకుండా ఫోన్లో గొంతు మాత్రమే విన్నవాళ్లు కూడా వాళ్లవైపే మొగ్గారు. అందంగా ఉన్నవాళ్లకు తమ మీద ధీమా ఎక్కువనీ, మాట్లాడే నేర్పూ ఎక్కువనీ అందులో తేలింది. మనకు పనికొచ్చే ముక్క ఇక్కడుంది. ముఖం మార్చుకోలేం, ధీమా మాత్రం సాధనతో వస్తుంది.

అంతకు చాలా ముందు, 1920లో, ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సైన్యంలో అధికారులు కిందివాళ్లకు వేసిన మార్కులు చూశాడు. ఒడ్డూ పొడుగూ బాగున్నవాడికి తెలివిలోనూ, నాయకత్వంలోనూ కూడా మంచి మార్కులే పడుతున్నాయి. ఒక్క గుణం వెలుగు మిగతా గుణాల మీదా పడుతోందన్నమాట. దాన్నే హేలో ఎఫెక్ట్ అంటున్నారు. ఇంకేమీ తెలియని చోటే రూపం బలంగా పని చేస్తుంది. ఎదుటివాడికి మీ పని గురించి చేతికందే ఆధారం ఎంత ఎక్కువుంటే, మీ ముఖానికి అంత తక్కువ పని ఉంటుంది. అందుకని మన చేతిలో ఉన్నదాన్ని ఒక ఆదివారంలో సర్దేసి, మిగతా శక్తంతా ఆధారాల మీద పెట్టాలి.

ప్రకటన దగ్గరే మొదలుపెట్టండి

శరీరానికి సంబంధించిన ఏ షరతు కనిపించినా ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ కొలత పనికి కావాలా, చూడ్డానికి కావాలా? కేబిన్ క్రూ ఉద్యోగాలకు కొన్ని సంస్థలు మునివేళ్ల మీద నిలబడితే చెయ్యి 212 సెంటీమీటర్ల ఎత్తు అందాలని అడుగుతాయి. పైన ఉండే అత్యవసర సామాను అందుకోవాలి కాబట్టి అది పనికి సంబంధించిన కొలతే. పోలీసు ఉద్యోగాలకైతే ఎత్తు, ఛాతీ కొలతలు నోటిఫికేషన్‌లోనే అచ్చువేసి ఉంటాయి. అలా రాతలో ఉంటే వాదించి లాభం లేదు, ముందే కొలుచుకుని వెళ్లండి. అకౌంట్స్ ఉద్యోగానికి "గుడ్ లుకింగ్" అని రాశారంటే మాత్రం ఆ ఆఫీసు ఎలాంటిదో వాళ్లే చెప్పేశారు.

బట్టల షోరూములు, నగల దుకాణాలు, ఫ్రంట్ ఆఫీసు ఉద్యోగాలకైతే వెళ్లేముందే ఫోన్లో మూడు విషయాలు అడగండి. యూనిఫాం వాళ్లే ఇస్తారా, దాని డబ్బు జీతంలో కోస్తారా? రోజుకు ఎన్ని గంటలు నిలబడాలి, మధ్యలో కూర్చోవడానికి స్టూలు ఉంటుందా? ఎంపికలో రాతపరీక్షో డెమోనో ఉందా, లేక చూసి పంపేస్తారా? రెండోది చిన్న ప్రశ్నేం కాదు. సేల్స్ కౌంటర్లో నిటారుగా నిలబడితేనే బాగుంటుందన్న పట్టింపు వల్ల మడమల నొప్పులతో, ఉబ్బిన నరాలతో బాధపడేవాళ్లు ఎందరో. తమిళనాడులో 2021లో దుకాణాల చట్టాన్ని సవరించి, పనివాళ్లకు కూర్చునే వీలు ఉండాలని రాసుకున్నారు. ఇక్కడ మీరే అడిగి తేల్చుకోండి.

నిలువెత్తు ఫోటో వాట్సాప్‌లో పంపమన్నా, గ్రూమింగ్ కిట్‌కో పోర్ట్‌ఫోలియోకో డబ్బు కట్టమన్నా అక్కడితో మాట ఆపేయండి. ఉద్యోగం ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు గానీ పుచ్చుకోడు. ఎయిర్‌పోర్టు గ్రౌండ్ స్టాఫ్ పేరుతో జరిగే మోసాలు ఈ దారిలోనే వస్తాయి.

రెజ్యూమేలోంచి తీసెయ్యాల్సినవి

ఫోటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు, పెళ్లయిందో లేదో, మతం, ఎత్తు, బరువు. ఊళ్లో డీటీపీ షాపుల్లో చేయించే రెజ్యూమేల్లో ఇవన్నీ బయోడేటా లెక్కన చేరిపోతాయి. చదివేవాడికి మీ పని గురించి వీటివల్ల తెలిసేదేమీ లేదు, ముందే ఒక అభిప్రాయం ఏర్పరచుకోవడానికి తప్ప. ముఖం చూడకముందే పేరు చూసి జరిగే వడపోత కూడా ఉంది. సుఖదేవ్ థోరట్, పాల్ ఆటెవెల్ 2007లో ప్రచురించిన పరిశీలనలో, ఒకే అర్హతలతో మన దేశంలోని ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపితే దళిత, ముస్లిం పేర్లున్నవాటికి పిలుపులు తక్కువ వచ్చాయి. పేరు మార్చుకోనక్కర్లేదు, అడగని వివరాలు మాత్రం మనంతట మనం ఇవ్వొద్దు.

ఖాళీ అయిన చోట అంకెలు పెట్టండి. "కస్టమర్ సపోర్ట్ చేశాను" అని కాకుండా రోజుకు ఎన్ని టికెట్లు (కస్టమర్ల ఫిర్యాదులు) తేల్చారు, ఎంతసేపట్లో, తిరిగి తెరుచుకున్నవి ఎన్ని అని రాయండి. ఫ్రెషర్ అయితే ప్రాజెక్టు లింకు ఇవ్వండి. అది మొబైల్లో కూడా తెరుచుకుంటుందో లేదో వేరే ఫోన్లో చూసి మరీ ఇవ్వండి.

బట్టలు: కొలత ముందు, ఖరీదు తర్వాత

రెండు చొక్కాలు, ఒక ముదురు రంగు ప్యాంటు, ఒక జత బూట్లు చాలు. ఖరీదైన చొక్కా వదులుగా వేలాడుతుంటే, కొలతకు సరిపోయిన మామూలు చొక్కా దాన్ని తేలిగ్గా ఓడిస్తుంది. ట్రయల్ రూములో ఈ వరసలో చూసుకోండి.

ముందు భుజం. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక అంచు మీద ఉండాలి. కిందికి జారితే అన్నయ్య చొక్కా వేసుకున్నట్టుంటుంది. ఇదొక్కటీ తర్వాత సరిచెయ్యలేం, భుజం మార్చడమంటే చొక్కా మొత్తం విప్పి కుట్టడమే. అందుకే భుజానికి సరిపోయింది కొని, పక్క కుట్లు, చేతి పొడవు టైలర్ దగ్గర సరిచేయించుకోండి. తర్వాత కాలర్: పై గుండీ పెట్టాక రెండు వేళ్లు దూరాలి. చొక్కా చెయ్యి మణికట్టు ఎముక దాటి, బొటనవేలు మొదలయ్యే దగ్గర ఆగాలి. ఆఖరున కుర్చీలో కూర్చుని చూడండి. నిలబడితే బాగానే ఉన్న చొక్కా, కూర్చుంటే పొట్ట దగ్గర రెండు గుండీల మధ్య నోరు తెరుస్తుంది. ఇంటర్వ్యూ అంతా కూర్చునే కదా జరిగేది! పొట్ట ఉన్నవాళ్లు ప్యాంటును పొట్ట కిందికి జార్చి కట్టుకుంటారు, దానివల్ల పొట్ట ఇంకా ముందుకొచ్చి కనిపిస్తుంది, చొక్కా అంచు బయటికి లేచిపోతుంది. అసలు నడుం దగ్గర కట్టుకుని, దానికి తగ్గ సైజు కొనండి. ట్యాగ్ మీద అంకె ఎవరికీ కనపడదు.

ఆడవాళ్లకు కూడా కూర్చుని చూడటమే అసలు పరీక్ష. కుర్తా చంకల దగ్గర పట్టేస్తే చెయ్యెత్తి బోర్డు మీద రాయలేరు. చున్నీ వేసుకుంటే రెండు భుజాల దగ్గరా పిన్ను పెట్టండి, లేకపోతే సగం ధ్యాస దాన్ని సర్దుకోవడం మీదే ఉంటుంది. గంజి పెట్టిన నూలు చీర గంట బస్సు ప్రయాణానికే నలిగిపోతుంది, చీర కట్టాలనుకుంటే నూలూ పట్టూ కలిసినవి ఆగుతాయి. బొట్టు, ముక్కుపుడక, జడ, హిజాబ్, తలపాగా తీసెయ్యమని సలహా ఇచ్చేవాళ్లను పట్టించుకోకండి. యూనిఫాం ఉన్న ఉద్యోగమైతే నియమం ఏమిటో ముందే రాతలో అడగండి, అంతే.

బెంగళూరులో ఇంకో శత్రువు నీళ్లు. చాలా పీజీల్లో వచ్చేది బోరు నీళ్లో ట్యాంకర్ నీళ్లో. ఆ గట్టి నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి మడ్డిలా బట్టలకు పట్టేస్తాయి. తెల్ల చొక్కా నాలుగు ఉతుకులకే బూడిద రంగుకు తిరగడానికీ, జుట్టు చీపురులా అవ్వడానికీ కారణం అదే. సబ్బు బిళ్ల మానేసి లిక్విడ్ డిటర్జెంట్ వాడండి. ఆఖరి జాడింపు బకెట్టులో, సుమారు 15 లీటర్ల నీళ్లకు 50 మిల్లీలీటర్ల తెల్ల వెనిగర్ కలపండి. బ్లీచింగ్‌తో మాత్రం వెనిగర్ ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. తలస్నానంలో ఆఖరి రెండు చెంబులు ఫిల్టర్ నీళ్లు పోసుకుంటే జుట్టు మాట వింటుంది. ఇంత గొడవ వద్దనుకుంటే తెలుపు మానేసి లేత నీలం కొనండి.

ఇస్త్రీ బండి అతనికి చొక్కా ఇచ్చేటప్పుడు "మడత వద్దు, హ్యాంగర్‌కి వెయ్యండి" అని చెప్పండి. చెప్పకపోతే నాలుగు మడతలు పెట్టి ఇస్తాడు, ఛాతీ మీద అడ్డంగా గీత పడుతుంది. అసలు ఇస్త్రీయే చేయించలేదేమో అనిపించే గీత అది.

దారిలో పోయేది కాపాడుకోవడం

ఇంట్లో అద్దం ముందు ఎలా ఉన్నారన్నది కాదు లెక్క, రిసెప్షన్ దగ్గర ఎలా ఉన్నారన్నది. వైట్‌ఫీల్డ్ వైపు పర్పుల్ లైన్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు 2025 ఆగస్టు నుంచి ఎల్లో లైన్ మెట్రో ఉన్నాయి, అవే ఎంచుకోండి. ఔటర్ రింగ్ రోడ్డుకి 500డి లాంటి బస్సెక్కాల్సి వస్తే రద్దీ లేని వేళ చూసుకోండి. స్నేహితుడి బైకు మీద వెళ్తే హెల్మెట్ లోపల నూలు రుమాలు కట్టుకోండి, చెమట పీలుస్తుంది. చొక్కా మీద పాత జాకెట్ వేసుకుంటే దుమ్ము దాని మీద పడుతుంది.

టెక్ పార్కు గేటు నుంచి మీ టవర్ దాకా నడకే పది పదిహేను నిమిషాలు పట్టొచ్చు. గేటు దగ్గర ఫోటో గుర్తింపు కార్డు, ల్యాప్‌టాప్ ఉంటే దాని సీరియల్ నంబరు రాయించుకోవడం ఇంకో పది నిమిషాలు. సెక్యూరిటీ అతనితో "నమస్కార సర్, ఇంటర్వ్యూగె బందిద్దీని" అని కన్నడంలో ఒక్క ముక్క అనండి, తేడా మీకే తెలుస్తుంది. ఒంటి మీది బట్టలను బట్టి మనిషిని అంచనా వెయ్యడం ఈ ఊళ్లో మొదలయ్యేది ఆఫీసు లోపల కాదు, ఈ గేటు దగ్గరే. మొత్తమ్మీద 40 నిమిషాల ముందు గేటు చేరేలా బయల్దేరండి. వాష్‌రూములో ముఖం కడుక్కుని, పది నిమిషాలు ఏసీలో కూర్చుంటే చెమట ఆరుతుంది. సాయంత్రం వానలు పడే నెలల్లో ఒక జత సాక్సులు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. తడి బూట్లతో రెండు రౌండ్లు కూర్చుంటే వాసన గదంతా పరుచుకుంటుంది.

ఆంధ్రా మెస్సులో ఉల్లిపాయ నంజుకుంటూ గోంగూర, ఆవకాయ తిని నేరుగా ఇంటర్వ్యూకి వెళ్లకండి. ఆ రోజుకి ఇడ్లీ చాలు. సెంటు ఎక్కువ కొట్టుకోవడం కూడా అంతే ఇబ్బంది, ఏసీ గదిలో అది తలనొప్పి తెప్పిస్తుంది.

వీడియో ఇంటర్వ్యూలో రంగు విషయంలో మోసం చేసేది కెమెరా

ఇప్పుడు మొదటి రౌండు ఎక్కువగా ల్యాప్‌టాప్ ముందే. ఇక్కడ ఛామనఛాయ, నల్లటి రంగు ఉన్నవాళ్లకు ప్రత్యేకమైన నష్టం ఒకటుంది, చాలామందికి దాని కారణం తెలియదు. కెమెరా తెరలో కనిపించే వెలుగు మొత్తాన్ని సగటున లెక్కేసుకుని కాంతిని సర్దుకుంటుంది. వెనక తెల్ల గోడ, ఒంటి మీద తెల్ల చొక్కా ఉంటే, వెలుగు ఎక్కువైందనుకుని మొత్తం చిత్రాన్ని తగ్గించేస్తుంది. ఆ దెబ్బకు ముఖం నల్లటి మచ్చలా మారి కళ్లూ హావభావాలూ కనబడవు. అవతలివాడికి మీరు "డల్‌గా" అనిపిస్తారు. తప్పు చర్మానిది కాదు, గోడది.

గోడకు బూడిద, లేత గోధుమ, ఆకుపచ్చ రంగు దుప్పటి ఒకటి కట్టండి. చొక్కా మధ్యస్థంగా ఉండే నీలమో మెరూనో వేసుకోండి. కిటికీ మీ ముందు ఉండాలి, వెనక అస్సలు వద్దు. కిటికీ లేని పీజీ గదిలో ట్యూబ్‌లైటు నెత్తి మీద ఉంటే కళ్ల కింద గుంటలు పడినట్టు నీడలొస్తాయి. టేబుల్ ల్యాంపును కొంచెం పక్కగా, ముఖానికి నేరుగా కాకుండా ఎదుటి గోడ మీదికి తిప్పి, ఆ వెలుగు తిరిగి ముఖం మీద పడేట్టు పెట్టండి. ఎదురుగా తెల్ల చార్టు అంటిస్తే ఇంకా మంచిది. ఫోన్లో చేస్తుంటే, కెమెరా యాప్‌లో తెర మీద మీ ముఖం దగ్గర వేలితో తాకి చూస్తే, కాంతి దానికి తగ్గట్టు మారడం మీకే తెలుస్తుంది.

ల్యాప్‌టాప్ కింద లావుపాటి పుస్తకాలు నాలుగు పెట్టి కెమెరాను కళ్ల ఎత్తుకు తెండి. కిందనుంచి చూసే కెమెరా గడ్డాన్ని, మెడను లావు చేస్తుంది. చేయి చాచితే తెర తగిలేంత దూరంలో కూర్చోండి. బ్యూటీ ఫిల్టర్లు ఆపేయండి. ఒకరి బదులు ఇంకొకరు ఇంటర్వ్యూకి కూర్చునే మోసాలు పెరిగాక కంపెనీలు ముఖాన్ని ఐడీ కార్డుతో పోల్చి చూస్తున్నాయి, నునుపు చేసిన ముఖం అనుమానం తెప్పిస్తుంది.

ధీమా గురించి పైన చెప్పిందానికి సాధన కూడా ఇక్కడే. "మీ గురించి చెప్పండి" అన్న ప్రశ్నకు 90 సెకన్ల జవాబు రికార్డు చేసుకోండి. మొదటిసారి వీడియో ఆపేసి గొంతు మాత్రం వినండి. వాక్యం చివర గొంతు తగ్గిపోతోందా, "బేసికల్లీ" ఎన్నిసార్లు వచ్చింది? ఐదుసార్లు తిరిగి చేస్తే ఐదోది మొదటిదానిలా ఉండదు.

తెల్లబడే క్రీముల జోలికి వెళ్లొద్దు

ఉద్యోగం వేటలో ఉన్నవాళ్లు మెడికల్ షాపులో "ముఖానికేదైనా ఇవ్వండి" అంటే చేతిలో పెట్టే ట్యూబుల్లో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ అనే మందులతో పాటు మొమెటాసోన్ వంటి స్టెరాయిడ్ ఒకటి కలిసి ఉండొచ్చు. వారంలో ముఖం తేటగా కనిపిస్తుంది, అదే ఉచ్చు. వాడే కొద్దీ చర్మం పలచబడి, ఎర్రటి రక్తనాళాలు బయటపడి, మొటిమలు, మంట మొదలవుతాయి. ఆపితే ఇంకా ఎక్కువవుతాయి, మళ్లీ పూస్తారు. 2018లో ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన జాబితాలోకి తెచ్చారు. ట్యూబు వెనక బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్ అన్న పేర్లు వెతకండి. ఇప్పటికే నెలలుగా వాడుతుంటే ఉన్నట్టుండి మానకుండా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. శివాజీనగర్ బౌరింగ్ ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మ విభాగం ఉంది. పళ్లు శుభ్రం చేయించుకోవాలంటే ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. ముఖం మీద పెట్టే డబ్బులో నిజంగా ఫలితం ఇచ్చేది ఈ రెండోదే.

ఉద్యోగంలో చేరాక

ఇక్కడ రెండు రకాల ఇబ్బందులు వస్తాయి. మొదటిది మాటలు. బెంగళూరు టీముల్లో తెలుగువాళ్లం ఎక్కువే, చనువూ ఎక్కువే. "ఏరా బండోడా", "ఏంటమ్మా ఇంత నల్లబడ్డావ్" అనేవి మనకు పలకరింపులు. క్యాంటీన్‌లో అయితే ఏమో గానీ, మీటింగులో పదిమంది ముందు అంటే, భాష రానివాళ్లు కూడా నవ్వు మాత్రం పట్టుకుంటారు. రెండు రోజులకు ఆ పేరే ఖాయమైపోతుంది. మొదటిసారే ఆపాలి. నవ్వకుండా, అరవకుండా, తక్కువ మాటల్లో. సీనియర్ అయితే, "అన్నా, ఆ పేరు ఆఫీసులో వద్దు. పేరు పెట్టి పిలువు." అని ఆగిపోండి. "సరదాకే కదా" అంటే, "నాకు సరదాగా లేదన్నా" అని పనిలోకి వెళ్లిపోండి. ఎదురు జోకు వేశారంటే ఆట మొదలైనట్టే, తర్వాత ఫిర్యాదు చేసినా "ఇద్దరూ అనుకునేవారు" అని కొట్టిపారేస్తారు.

రెండోది మాట లేకుండా జరిగేది. క్లయింట్ కాల్స్‌కి పిలవరు, ఆన్‌సైట్ (క్లయింట్ దగ్గరికి పంపేవాళ్ల) జాబితాలో పేరుండదు, "నువ్వు వెనకాల కోడ్ చూసుకో" అంటారు. దీన్ని నిరూపించడం కష్టం. అందుకని నింద వెయ్యకుండా, ఆధారం అడగండి. మేనేజర్‌కి మెయిల్ ఇలా ఉండొచ్చు: "గత మూడు నెలల్లో నా మాడ్యూల్ మీద జరిగిన క్లయింట్ కాల్స్‌లో నేను లేను. ఎవరు వెళ్లాలన్నది దేన్నిబట్టి నిర్ణయిస్తున్నారో చెప్తే, నాలో తక్కువైంది దిద్దుకుంటాను. వచ్చే నెల ఒక కాల్‌లో నా భాగం పది నిమిషాలు నేను చెప్పడానికి వీలవుతుందా?" జవాబు వస్తే కొలమానం దొరికినట్టు. రాకపోతే, అడిగిన తేదీ రికార్డులో ఉన్నట్టు. అప్రైజల్‌లోనూ ఇదే సూత్రం: త్రైమాసికం మొదట్లోనే లక్ష్యాలు రాతలో, అంకెల్లో తీసుకోండి. "యాటిట్యూడ్", "ప్రెజెన్స్" లాంటి గాలి మాటలు దూరేది అంకెలు లేని చోటే.

మాటలు ఆగకపోతే చిన్న నోటు పుస్తకంలో రాయడం మొదలుపెట్టండి. తేదీ, సమయం, చోటు, ఎవరన్నారు, ఏ భాషలో అన్నారో అదే భాషలో యథాతథంగా, ఎవరు విన్నారు, దానివల్ల పనిలో ఏం జరిగింది. అదే రోజు రాయాలి. చాలామంది ఇక్కడ చేసే పొరపాటు, ఆఫీసు మెయిళ్లూ క్లయింటు ఫైళ్లూ సొంత జీమెయిల్‌కి పంపుకోవడం. అది కంపెనీ నియమాల ఉల్లంఘన, అసలు ఫిర్యాదు పక్కకుపోయి మీ మీదే చర్య మొదలవుతుంది.

చట్టం ఎంతవరకు తోడొస్తుంది

ముందు చేదు నిజం. ప్రైవేటు కంపెనీ రంగో, ఎత్తో, బరువో చూసి ఉద్యోగం ఇవ్వకపోతే దాన్ని నేరుగా నిషేధించే చట్టం మనకు లేదు. అమెరికాలో మిచిగన్ రాష్ట్రం 1976 నాటి చట్టంతోనే, న్యూయార్క్ నగరం 2023లో ఎత్తు, బరువు వివక్షను నిషేధించాయి. మనకున్న తలుపులు వేరే.

ఒంటి గురించి లైంగిక ధోరణిలో వచ్చే మాటలు, చూపులు, సందేశాల మీద ఆడవాళ్లకు 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఉంది. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న చోట్లకు జిల్లా స్థాయి స్థానిక కమిటీ. ఆఖరి ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, సరైన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు ఇవ్వొచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఫిర్యాదు ఇచ్చినట్టు అందుకున్న సంతకమో, మెయిల్ జవాబో తప్పక తీసుకోండి. హెచ్ఆర్‌తో కాఫీ దగ్గర చెప్పుకున్నది ఫిర్యాదు కిందికి రాదు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో మరుగుజ్జుతనం, యాసిడ్ దాడికి గురైనవాళ్లు, కుష్ఠు నయమైనవాళ్లు ఉన్నారు. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలని ఆ చట్టం చెప్తుంది. చేరేముందు దాని కాపీ అడగండి. బొల్లి ఈ జాబితాలో లేదు, అందుకని దానికి వికలాంగుల గుర్తింపు కార్డు వస్తుందని ఎవరైనా డబ్బులడిగితే నమ్మకండి. ట్రాన్స్‌జెండర్ ఉద్యోగులపై వివక్షను 2019 చట్టం ప్రైవేటు సంస్థల్లో కూడా నిషేధించింది. ఈ చట్టాలేవీ వర్తించని లావు, నలుపు, బట్టతల మాటలకు ఆచరణలో పనికొచ్చేది కంపెనీ సొంత ప్రవర్తనా నియమావళి. చేరిన రోజు మీరు చదవకుండా "ఐ అగ్రీ" నొక్కింది అదే. అందులో గౌరవం, వేధింపులు అన్న భాగం తీసి, ఆ నియమం నంబరు వేసి మెయిల్ రాస్తే హెచ్ఆర్ దాన్ని ఊరికే పక్కన పెట్టలేదు.

మీరే ఇంటర్వ్యూ చేసే కుర్చీలో ఉంటే

నాలుగైదేళ్లు తిరిగేసరికి మీరూ ప్యానెల్‌లో కూర్చుంటారు. రెజ్యూమేలు మీ దగ్గరికి వచ్చేముందే ఫోటో, పేరు తీసి నంబర్లు వెయ్యమని రిక్రూటర్‌ని అడగండి. ఆరు ప్రశ్నలు ముందే రాసుకుని అందరినీ అదే వరసలో అడగండి. ఒక్కో జవాబుకు 1 నుంచి 5 మార్కుల్లో 5 అంటే ఎలాంటి జవాబో ముందే నిర్వచించుకోండి. మార్కులు జవాబు విన్న వెంటనే పడాలి, మనిషి వెళ్లిపోయాక మొత్తంగా గుర్తు తెచ్చుకుని వేస్తే థార్న్‌డైక్ చూసిన వెలుగే మళ్లీ పడుతుంది. ప్యానెల్‌లో ఎవరి మార్కులు వాళ్లు వేసి ఇచ్చేదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోవద్దు. సీనియర్ ముందు నోరు తెరిచాడంటే మిగతావాళ్ల అంకెలు అటే జరుగుతాయి.

ఆఖర్న చర్చలో ఎవరో ఒకరు "టెక్నికల్‌గా ఓకే గానీ, క్లయింట్ ముందు కూర్చోబెట్టలేమేమో" అంటారు. ఆరు ప్రశ్నల కాగితం వాళ్ల ముందుకు జరిపి, ఆ మాట ఏ ప్రశ్న ఎదుట రాయమంటారో అడగండి. రాయడానికి చోటు దొరక్కపోతే ఆ మాట నిర్ణయంలోకి రాదు.